ధనుష్కోటి స్టేషను – మా తండ్రిగారి సందేహం

కొన్నేళ్ల క్రితం మా కళాశాల గోడపత్రికకు ధనుష్కోటి రైలు ప్రమాదాన్ని గురించి మేము ఒక చిన్న వ్యాసం వ్రాసి ఇచ్చాము. అందులో ఇట్లా ఒక వాక్యం ఉన్నది: "సిగ్నలు దీపం వెలగకపోయినా లెక్కచేయక, దుస్సాహసంతో బండిని ముందుకు నడిపిన డ్రైవరు నూటపదిహేను ప్రాణాలను సముద్రానికి అప్పగించాడు." వాక్యానికి మంచి నడక ఉన్నదని మాకూ లోలోపల కొంత గర్వమే. ఒక విద్యార్థి దానిని కంఠస్థం చేసి వక్తృత్వపు పోటీలో చెప్పి బహుమతి కూడ పొందాడు. ఆ వాక్యాన్ని గురించియే ఇప్పుడు ఈ వార్షిక సంచికలో నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది.

మా తండ్రిగారు రైల్వేలో పాయింట్స్‌మన్‌గా పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఆయన ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిచినది ఒక మీటరు గేజి మార్గం మీది చిన్న స్టేషనులో. రెండు గదుల కట్టడం, ఒక వేపచెట్టు, నీళ్ల తొట్టి, రోజుకు నాలుగు బండ్లు. గేజి మార్పిడి జరిగిన తరువాత ఆ స్టేషను అక్కరకు రాలేదు, మూసివేశారు. మా బాల్యమంతా అక్కడనే గడిచింది. చేతిలో బెత్తపు వలయం, దానికి కట్టిన తోలుసంచిలో టోకెను బంతి, ఆ వలయాన్ని కదిలే ఇంజనులోనికి అందించే మా తండ్రిగారి చేయి – ఈ దృశ్యం చూసి పెరిగినవారమై యుండి కూడ ఆ వాక్యం ఎట్లా వ్రాశామా అని ఇప్పుడు ఆశ్చర్యం కలుగుతున్నది.

2022లో, వేసవి సెలవులలో, మా తల్లిగారి మొక్కు చెల్లించడానికి నాగూరు, ఏర్వాడి దర్గాలకు జియారతుకు వెళ్లాము. ఏర్వాడిలో ఫాతిహా ముగిసిన తరువాత మా తండ్రిగారు, "ఇంత దూరం వచ్చాము గదా, ఆ స్టేషను ఎక్కడో చూపించు" అన్నారు. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చునేగాని చదవటం రాదు. ఉర్దూ మాత్రం చక్కగా చదువుతారు. మా గోడపత్రిక వ్యాసాన్ని మా చెల్లెలు ఎప్పుడో ఆయనకు చదివి వినిపించిందట. ఆ సంగతి మాకు అంతవరకు తెలియదు.

ధనుష్కోటి అంటే ధనుస్సు కొన. శ్రీరాముడు తన వింటి కొనతో సేతువును ఛేదించిన చోటు అని స్థలపురాణం. కాశీయాత్ర చేసినవారు రామేశ్వరం వచ్చి, సేతుస్నానం చేసిన తరువాతనే యాత్ర పూర్తి అయినట్లు భావించటం మన తెలుగునాట కూడ అనాదిగా ఉన్న ఆచారమే. పటంలో చూస్తే ఆ పేరు ఎంత తగినదో తెలుస్తుంది. రామేశ్వరం ద్వీపం ఆగ్నేయంగా సన్నబడి సన్నబడి, చివరకు ఇటు బంగాళాఖాతం, అటు మన్నారు సింధుశాఖ, నడుమ ఇసుక గీత మాత్రమే మిగులుతుంది. ఆ గీత మీద ఒకప్పుడు రైలు నడిచింది.

అది కేవలం యాత్రికుల కొరకు వేసిన మార్గం కాదు. 1914కు పూర్వం మద్రాసు నుండి సింహళం పోవువారు రైలులో తూత్తుకుడి వరకు వెళ్లి, అక్కడ ఓడ ఎక్కి కొలంబో చేరేవారు. 1914 ఫిబ్రవరి 24న పాంబన్ వంతెన తెరచిన తరువాత దారి మారింది. రెండు కిలోమీటర్లకు పైగా పొడవున సముద్రం మీద నిలిచిన ఆ వంతెనకు నడుమ, ఓడలు పోవుటకు వీలుగా రెండు రెక్కలు పైకి లేచే ఏర్పాటు చేశారు. రైలు వంతెన దాటి ధనుష్కోటి చేరేది. అక్కడి రేవులో స్టీమరు సిద్ధంగా ఉండేది. ముప్ఫై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉన్న జలసంధి దాటితే తలైమన్నారు. అక్కడ మరొక రైలు, కొలంబోకు. ఈ బండికి, ఓడకు కలిపి జనం పెట్టుకొన్న పేరు బోట్ మెయిల్. గోషెన్, ఇర్విన్ అనే స్టీమర్లు ఆ రేవులో తిరిగాయి. మద్రాసు ఎగ్మూరులో కొన్న టిక్కెట్టు కొలంబో దాకా చెల్లేదంటే ఇప్పటి విద్యార్థులు నమ్మరు. పాస్‌పోర్టు చేతపట్టి విమానాశ్రయంలో గంటలకొద్దీ నిలబడే కాలం గదా ఇది.

సింహళపు తేయాకు తోటలకు కూలికి పోయిన దక్షిణాది పేదలలో వేలాదిమంది ఈ దారినే పోయారు. వంతెనకు ఇవతల మండపం శిబిరంలో వారిని నిలిపి, అంటువ్యాధులేవీ లేవని వైద్యులు తేల్చిన తరువాతనే ఓడ ఎక్కనిచ్చేవారు. స్టేషనుకు ఆనుకొని కస్టమ్సు కచేరీ, తంతి తపాలా కచేరీ, రైల్వే వైద్యశాల, బడి, చర్చి, రైలు సిబ్బంది ఇళ్లు వెలిశాయి. ఇసుక గీత మీద ఒక ఊరు, ఆ ఊరికి ప్రాణం రైలు.

మన పూర్వ రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారి బాల్యానికి కూడ ఈ మార్గంతో సంబంధమున్నది. వారి తండ్రిగారు యాత్రికులను రామేశ్వరం నుండి ధనుష్కోటికి చేరవేయడానికి ఒక పడవ కట్టారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో రామేశ్వరంలో బండి ఆపటం మానివేసినప్పుడు, వార్తాపత్రికల కట్టలను నడుస్తున్న రైలు నుండి బయటకు విసిరేవారట. వాటిని ఏరి తెచ్చే పనిలో తమ బంధువుకు సాయపడటమే తమ మొదటి సంపాదన అని కలాంగారు తమ ఆత్మకథలో వ్రాసుకొన్నారు. ఈ సంగతి చెప్పగానే మా తండ్రిగారు, "కదిలే బండి నుండి పడే వస్తువును పట్టటం సులువు కాదు. మోచేయి విరుగుతుంది" అన్నారు. ఆయనకు అది రాష్ట్రపతి కథ కాదు, టోకెను పట్టటం తెలిసినవాడికి తెలిసిన కష్టం.

రామనాథపురంలో రైలెక్కాము. పాత పాంబన్ వంతెన మీద అప్పటికింకా బండ్లు నడుస్తున్నవి. చీమ నడక. కిటికీ నుండి క్రిందకు చూస్తే పట్టాల క్రింద నేల లేదు, నీరే. తోటి ప్రయాణికులందరూ చరవాణులు పైకెత్తి ఫొటోలు తీసుకొంటుంటే, మా తండ్రిగారు మాత్రం కళ్లు మూసుకొని చక్రాల శబ్దం వింటున్నారు. "కీళ్లు అరిగాయి. ఎక్కువ రోజులు ఉండదు" అన్నారు. అదే సంవత్సరం డిసెంబరులో ఆ వంతెన మీద రైళ్లను నిలిపివేశారు. పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది.

రామేశ్వరం నుండి ధనుష్కోటికి ఇరవై కిలోమీటర్లు. 2017 వరకు చివరి దూరమంతా ఇసుకలో వ్యానుల మీద పోవలసి ఉండేది. ఇప్పుడు కొస దాకా తారు రోడ్డు. దారికి రెండు ప్రక్కలా సముద్రమే. స్టేషను అని చూపినది కొన్ని మొండిగోడలు. పైకప్పు లేదు. దూరంగా చర్చి గోడలు, పగడపురాళ్లతో కట్టినవి, ఉప్పుగాలికి తేనెపట్టులా చిల్లులు పడి నిలిచియున్నవి. గవ్వలూ శంఖాలూ అమ్మే దుకాణాలు, చేపల వేపుడు వాసన, జాలరుల పాకలు. ఒక జాలరి స్త్రీ ఇసుకలో నాలుగైదు అడుగుల గుంటలోనికి చెంబు వంచి నీళ్లు తోడి మాకు ఇచ్చింది. తియ్యని నీళ్లు! రెండు సముద్రాల నడుమ, గజాల దూరంలో ఉప్పు అలలు కొడుతుండగా, ఆ ఇసుక మంచినీటిని ఎట్లా దాచుకొన్నదో! మా తండ్రిగారు రెండు చెంబుల నీళ్లు త్రాగి, ముఖం కడుగుకొని, ఆమెకు దువా చేశారు. భాష రాకపోయినా ఆమె అర్థం చేసుకొన్నది.

1964 డిసెంబరు 17 ప్రాంతంలో దక్షిణ అండమాను సముద్రంలో పుట్టిన వాయుగుండం తీవ్ర తుపానై, 22న సింహళపు ఉత్తర భాగాన్ని దాటి, ఆ రాత్రికి ధనుష్కోటి మీద పడింది. గాలి వేగం గంటకు 270 కిలోమీటర్లకు పైగా ఉన్నదని అంచనా. ఉప్పెన ఇరువది అడుగులకు మించి లేచింది. ఉప్పెన అనే మాట మన తీరప్రాంతం వారికి వివరించనక్కర లేదు. 1977 నవంబరు 19న దివిసీమలో అది ఏమి చేసినదీ ఇంకా మరువనివారు ఉన్నారు. ధనుష్కోటి ప్రాంతంలో చనిపోయినవారు 1800కు తక్కువ కాదని లెక్క. ఆ రోజుల్లో రామేశ్వరం వచ్చియున్న మన సావిత్రి, ఆమె భర్త జెమినీ గణేశన్ కూడ తుపానులో చిక్కుకొని క్షేమంగా బయటపడ్డారు. పత్రికలు వారి క్షేమాన్ని గురించి వ్రాసినంతగా ధనుష్కోటి కూలీలను గురించి వ్రాసియుండవని మా అనుమానం. అది అట్లా ఉండనివ్వండి.

ఆ రాత్రి 11 గంటల 55 నిమిషాలకు 653 నంబరు ప్యాసింజరు పాంబన్‌లో బయలుదేరింది. ఆరు పెట్టెలు. 110 మంది ప్రయాణికులు, అయిదుగురు రైల్వే సిబ్బంది. టిక్కెట్టు లేక ఎక్కినవారి లెక్క ఎవరివద్దా లేదు. స్టేషను ఇక కొద్ది దూరంలో ఉన్నదనగా అల వచ్చి బండిని యావత్తూ ఎత్తి పడవేసింది. బ్రతికినవారు లేరు. ఆ సంగతి బయటి ప్రపంచానికి తెలియటానికే రెండు రోజులు పట్టింది.

ప్రసిద్ధమైన కథ ఇక్కడ మొదలవుతుంది. సిగ్నలు చెడిపోయినదట. చీకటి. డ్రైవరు కొంతసేపు ఆగి చూచి, ఎటువంటి సంకేతమూ రాకపోగా, ఒక పెద్ద కూత వేసి, "కానిమ్ము" అని బండిని ముందుకు నడిపాడట. ధనుష్కోటిని గురించి ఎవరు వ్రాసినా ఈ ఘట్టం వ్రాస్తారు. మేమూ వ్రాశాము. గైడు కుర్రవాడు కూడ అక్కడ నిలబడి, చేయి ఊపుతూ, అరవంలో దానినే చెప్పాడు. మాకు తెలిసినంత మేరకు మేము తండ్రిగారికి చెప్పాము.

ఆయన వెంటనే ఏమీ అనలేదు. మొండిగోడల నుండి పడమరగా నడిచి, "హోం సిగ్నలు ఇక్కడ ఉండియుండాలి. కాదు, ఇంకా కొంచెం అవతల" అంటూ ఇసుకలో ఒకచోట ఆగారు. తరువాత మమ్మల్ని అడిగారు:

"బేటా, ఆ బండిలో అందరూ పోయారు గదా?"

"అవును అబ్బా."

"గార్డు?"

"ఆయన కూడ."

"ఫైర్‌మన్?"

"అందరూ పోయారు."

"స్టేషనులో ఉన్నవాళ్లు?"

ఊరే పోయిన రాత్రి స్టేషనులో ఎవరు మిగిలియుంటారు? మేము మాట్లాడలేదు.

"మరి డ్రైవరు ఏమనుకొన్నాడో, కానిమ్ము అన్నాడో, కాదన్నాడో ఎవరు విన్నారు?"

ముప్ఫై అయిదేళ్ల ఈ వయస్సులో, ఎం.ఏ. పట్టా చేతబట్టుకొని, పిల్లలకు సాక్ష్యాధారాల విచారణను గురించి పాఠం చెప్పే మాకు ఆ ప్రశ్న ఒక్కసారి కూడ తోచలేదు.

ఆయన అంతటితో వదలలేదు. వెలగని సిగ్నలును రైలువాడు ఎఱ్ఱదీపంగానే భావించాలట. అది రైల్వేలో చేరిన మొదటి వారంలోనే నేర్పే మాట. బండి సిగ్నలు దగ్గర ఆగుతుంది. డ్రైవరు కూత వేస్తాడు. ఆ కూత 'నేను పోతున్నాను' అని కాదు, 'నేను ఇక్కడ నిలిచియున్నాను, చూడండి' అని. కొద్ది నిమిషాలు చూచి, అప్పటికీ సిగ్నలు రాకపోతే ఇంజను సిబ్బందిలో ఒకరిని లాంతరుతో స్టేషనుకు నడిపిస్తాడు. "కూత విన్నవాడు ఎవడైనా బ్రతికియున్నాడని అనుకొందాం. దూరం నుండి కూత విన్నాడు. తరువాత బండి లేదు. కూత వేసి ముందుకు కదిలాడని అతడు కథ కట్టాడు. కూత వేసి ఆగియున్నాడని ఎందుకు అనుకోరాదు? ఆగిన బండిని మాత్రం ఆ అల వదిలేస్తుందా?"

ఆయన వాదమే నిజమని మేము అనము. వంద కిలోమీటర్ల గాలికే మనిషి నిలువలేడు. లాంతరు ఎక్కడ, ఫైర్‌మన్ నడవటం ఎక్కడ? నిలిచియుండటం కంటే ఊరు చేరటమే మేలని డ్రైవరు నిజంగానే అనుకొని ఉండవచ్చును. అనుకొని ఉంటే అది దుస్సాహసమా, లేక పెట్టెలలోని వారిని గాలికి వదలలేక చేసిన పనియా? ఇవేవీ తేల్చే సాక్ష్యం లేదు. కాని మేము మాత్రం 'దుస్సాహసంతో', 'లెక్కచేయక' అని, ఇంజనులో అతని ప్రక్కన కూర్చొని చూచినట్లు వ్రాశాము.

మా తండ్రిగారికి ఆ డ్రైవరు మీద అంత పట్టుదల ఎందుకో చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. ఇది వ్రాయటానికి ఆయన అనుమతి తీసుకొన్నాము.

మేము ఏడవ తరగతిలో ఉండగా, ఒక వానరాత్రి, ఆయన పనిచేసే స్టేషనులో గూడ్సు బండి లూపు లైనులోనికి పోతూ రెండు వ్యాగన్లు పట్టాలు తప్పినవి. ఎవరికీ దెబ్బ తగలలేదు. పాయింటు సరిగా బిగించలేదని ఆయనకు చార్జిషీటు ఇచ్చారు. తాము బిగించి, చేత్తో లాగి చూచి, లాంతరు చూపామని ఆయన చెప్పారు. ఇంగ్లీషులో జవాబు వ్రాయాలి. ఆయనకు రాదు. ఆయన దక్కనీలో చెబుతుంటే ఎవరో ఒకరు వ్రాసి ఇచ్చారు. ఆయన క్రింద ఉర్దూలో సంతకం చేశారు. మూడు ఇంక్రిమెంట్లు ఆగిపోయినవి. మేము కళాశాలలో చేరిన సంవత్సరం, ఇంట్లో ట్రంకుపెట్టె సర్దుతూ ఆ కాగితం నకలు చూచి చదివాము. "తప్పు నాదే. నిద్రమత్తులో పొరపాటు జరిగినది. దయతో క్షమించగలరు" అని ఉన్నది. చదివి వినిపించగానే ఆయన కాగితం మా చేతి నుండి తీసుకొని మడిచి పెట్టెలో పెట్టారు. వ్రాసి ఇచ్చినవారు మేలే తలచి ఉండవచ్చును; తప్పు ఒప్పుకొంటే శిక్ష తగ్గుతుందని. అయినా ఆ రోజు రాత్రి ఆయన అన్నం తినలేదు.

"నాకు సంతకం చేసేందుకు కాగితమన్నా ఇచ్చారు. ఆ డ్రైవరుకు అది కూడ లేదు" అన్నారు ధనుష్కోటి ఇసుకలో నిలబడి. అప్పుడు అస్రు వేళ అయినది. సిగ్నలు ఉండియుంటుందని తాము అనుకొన్న చోటనే రుమాలు పరచి నమాజు చేశారు. మేము వెనుక నిలబడ్డాము.

ఇక తరువాతి చరిత్ర కొద్దిగా. తుపానుకు పాంబన్ వంతెనలో వందకు పైగా గర్డర్లు కొట్టుకుపోయినవి. వాటిలో చాలా భాగాన్ని సముద్రం నుండియే పైకి తీసి, 46 రోజులలో వంతెనను తిరిగి నిలిపిన యువ ఇంజనీరు ఇ. శ్రీధరన్, తరువాతి కాలంలో కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో నిర్మాణాలతో దేశమంతటా పేరొందిన ఆయన ఇంజనీరింగు చదివినది మన కాకినాడలోనే. వంతెన లేచింది గాని ధనుష్కోటి లేవలేదు. ప్రభుత్వం దానిని నివాసయోగ్యం కాదని ప్రకటించింది. పట్టాలు రామేశ్వరంతోనే ఆగినవి. తలైమన్నారు ఓడ రామేశ్వరం నుండి కొంతకాలం నడిచి, సింహళంలో అంతర్యుద్ధం మొదలైన 1980లలో అదీ నిలిచిపోయినది. 2019 మార్చిలో ధనుష్కోటికి తిరిగి రైలు వేయుటకు శంకుస్థాపన జరిగింది. ఆ పథకం ముందుకు సాగలేదు. ఆ ఇసుక గీతను కన్నులారా చూచిన తరువాత, సాగకపోవటమే మంచిదేమో అని మాకు తోచింది. మా తండ్రిగారు దీనికి ఒప్పుకోరు. పట్టాలు వేయవచ్చును గాని రాత్రి బండి నడపరాదని ఆయన అభిప్రాయం.

వక్తృత్వపు పోటీలో బహుమతి పొందిన విద్యార్థి ఇప్పుడు పై చదువులకు వెళ్లాడు. అతనికి ఉత్తరం వ్రాశాము. గోడపత్రికలోని ఆ వాక్యాన్ని ఇందుమూలముగా ఉపసంహరించుకొంటున్నాము. దాని స్థానంలో ఉండవలసినది ఇది: "1964 డిసెంబరు 22 అర్ధరాత్రి, ధనుష్కోటి స్టేషను సమీపంలో, 653 నంబరు ప్యాసింజరును ఉప్పెన ముంచివేసింది, డ్రైవరుతో సహా అందరూ మరణించారు." ఈ వాక్యానికి నడక లేదు. బహుమతి రాదు.

మా సంచికకు ఉర్దూ విభాగం కూడ ఉన్నందున, ఆ విభాగపు సంపాదకులు మిత్రభావంతో ఈ వ్యాసాన్ని ఉర్దూలోనికి మార్చి ఇచ్చారు. మా తండ్రిగారి అనుమతి కొరకు దానిని ఇంటికి తీసుకువెళ్లాము. "సరే అంటే క్రింద ఒక సంతకం చేయండి అబ్బా, కమిటీవారికి చూపాలి" అన్నాము నవ్వుతూ. ఆయన కళ్లద్దాలు తుడుచుకొని, "ముందు చదవనీ" అని, మొదటి పంక్తి నుండి ఆరంభించారు. చార్జిషీటు దగ్గరకు వచ్చేసరికి ఒక్కచోట కలం అడిగి, 'రెండు వ్యాగన్లు' అన్నచోట 'ఒకటిన్నర' అని దిద్దబోయి, మళ్లీ ఏమనుకొన్నారో కొట్టివేశారు. రెండవ వ్యాగనుకు ముందు చక్రాలు మాత్రమే దిగినవట.